ఇల్లు ఇరవై ఏళ్లకు, అనుమతి మూడు నెలలకు

కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యామ్ దగ్గర కట్టిన ఐటీ టవర్‌ను 2020 జులైలో ప్రారంభించారు. ఖమ్మం ఐటీ హబ్ అదే ఏడాది డిసెంబరులో మొదలైంది. జిల్లా పిల్లలు హైదరాబాద్ దాకా వెళ్లకుండా సొంత ప్రాంతంలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకోవాలన్నది వాటి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ సరిగ్గా ఆ నెలల్లోనే, ఏ టవరుతోనూ పనిలేకుండా, వేల మంది ఉద్యోగులు సొంతింట్లో ఓ మూల టేబుల్ వేసుకుని అమెరికా క్లయింట్ల పని చేసి పెడుతున్నారు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కంపెనీలు హడావుడిగా కంప్యూటర్లను ఉద్యోగుల ఇళ్లకు చేర్చాయి. మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చేయాలనుకుని చేయలేకపోయిన పని ఒక్క వేసవిలో జరిగిపోయింది.

అలా ఊరికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఎందుకు ఉండిపోలేదన్నది నన్ను వదలని ప్రశ్న. ఊళ్లో ఉండటం ఇష్టం లేక వెళ్లారా? కొందరు అలాగే వెళ్లారు, అందులో తప్పేమీ లేదు. ఇష్టం ఉండి కూడా వెళ్లినవాళ్ల సంగతే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను. మనిషి ఎక్కడ స్థిరపడాలో తేల్చుకునేటప్పుడు ఇవాళ ఇంటి నుంచి పని ఉందా లేదా అని మాత్రమే చూడడు. ఇది ఎన్నాళ్లు ఉంటుందని చూస్తాడు. ఇంటి లోను ఇరవై ఏళ్లు కట్టాలి. పిల్లల చదువు పదేళ్ల పైమాట. కంపెనీ ఇచ్చే అనుమతి మాత్రం హెచ్ఆర్ నుంచి వచ్చే తర్వాతి మెయిల్ దాకానే. ఈ రెండు గడువులకు పొంతన లేనంత కాలం, ఇంటర్నెట్ ఎంత వేగంగా వచ్చినా ఊళ్లలో జనం నిలవరు.

ఊళ్ల నుంచి పని సాగదని ఎవరైనా అంటే లెక్కలు చూడాలి. తెలంగాణ ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2019-20లో రాష్ట్ర ఐటీ రంగంలో సుమారు 5.82 లక్షల మంది ఉండేవారు. 2022-23 నాటికి 9.05 లక్షలయ్యారు. ఐటీ ఎగుమతులు దాదాపు 1.29 లక్షల కోట్ల రూపాయల నుంచి 2.41 లక్షల కోట్లకు చేరాయి. ఆ కాలంలో ఎక్కువ భాగం ఆఫీసులు బోసిగా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది తమ ఆఫీసు ఏ అంతస్తులో ఉందో చూడకుండానే మొదటి జీతం అందుకున్నారు. అలాంటి పెరుగుదల చూశాక, ఊళ్ల నుంచి చేస్తే పని చెడుతుందన్న మాటను నేను ఒప్పుకోలేను.

అనుమతులు ఎలా వచ్చాయో ఒకసారి చూద్దాం. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థలకు వర్తించే ఓఎస్పీ నిబంధనలను సడలించింది. అంతకుముందు కాల్ సెంటర్, బీపీవో కంపెనీలు ఉద్యోగి చేత ఇంటి నుంచి పని చేయించాలంటే డిపాజిట్లు సహా సవాలక్ష షరతులుండేవి. వాటిని తీసేశారు. దీనికి గడువు పెట్టలేదు కూడా. సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండళ్ల) సంగతి వేరు. సెజ్‌లోని కంపెనీలకు సుంకాల్లో, పన్నుల్లో మినహాయింపులు ఉంటాయి కాబట్టి అక్కడి ల్యాప్‌టాప్ గేటు దాటాలన్నా లెక్క చెప్పాలి. 2022 జులైలో వాణిజ్య శాఖ సెజ్ నిబంధనల్లో 43ఎ అనే కొత్త నిబంధన చేర్చి, సగం మంది ఉద్యోగులకు గరిష్ఠంగా ఏడాది పాటు వెసులుబాటు ఇచ్చింది. ఆ డిసెంబరులో మళ్లీ మార్చి, అందరికీ ఇవ్వచ్చు, కానీ 2023 డిసెంబరు ఆఖరు దాకా అంది. తర్వాత దాన్ని 2024 డిసెంబరు దాకా పొడిగించింది. ప్రతిసారీ గడువే. ప్రతిసారీ గడువు దగ్గర పడ్డాక పొడిగింపే. దీన్ని నమ్ముకుని తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకోమని ఎవరు ఎవరికి చెప్పగలరు?

కంపెనీల మాటా అంతే. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో ఏ సమయంలోనైనా పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020 ఏప్రిల్‌లో ప్రకటించింది. దేశంలో ఎక్కువ మందికి ఉద్యోగాలిస్తున్న కంపెనీల్లో ఒకటి అలా చెప్పాక నమ్మినవాళ్లను తప్పు పట్టలేం. అదే సంస్థ 2023 అక్టోబరు 1 నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలంది. ఆ తర్వాతి ఏడాది వేరియబుల్ పేను, అంటే జీతంలో పనితీరును బట్టి మారే భాగాన్ని, హాజరుకు ముడిపెట్టింది. అక్టోబరు మొదటి తేదీ అంటే స్కూళ్లలో అర్ధసంవత్సర పరీక్షల వేళ. జూన్‌లో కొత్త స్కూల్లో చేర్పించిన పిల్లకు నాలుగు నెలలు తిరక్కుండా ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఏడాది మధ్యలో సీటు వెతుక్కోవాలి, మళ్లీ డొనేషన్, మళ్లీ యూనిఫాం. ఒకసారి ఇలా దెబ్బతిన్న కుటుంబం రెండోసారి ఊరికి వెళ్లే సాహసం చేయదు.

ఇక ఇప్పుడు ఎక్కడ చూసినా హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి ఒక స్థాయి వరకు ఉన్న ఉద్యోగులు నెలకు కనీసం పది రోజులు ఆఫీసుకు రావాలన్న నిబంధన పెట్టింది. ఇంకొన్ని చోట్ల వారానికి మూడు రోజులు. వినడానికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఊళ్లో ఉండాలనుకునేవాడికి మాత్రం వాటి మధ్య నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. నెలకు పది రోజులైతే ఈ నెల చివరి రెండు వారాలు, వచ్చే నెల మొదటి రెండు వారాలు కలిపేసి ఒక విడత నగరంలో ఉండి, తర్వాత దాదాపు నెల రోజులు ఇంటి దగ్గర గడిపేవాళ్లున్నారు. హాస్టల్లో రోజు లెక్కన అద్దె కట్టి, బట్టల బ్యాగు అక్కడే స్నేహితుడి మంచం కింద వదిలి వస్తారు. నరసాపురమైనా, పలాస అయినా ఈ లెక్కలో కుదురుతుంది. వారానికి మూడు రోజులంటే ఇది సాగదు. ప్రతి వారం రానూపోనూ ప్రయాణం చేయగలిగే దూరంలోనే ఇల్లు ఉండాలి.

అందుకే తెలుగు పట్టణాల పటం ఇప్పుడు కొత్తగా గీసుకోవాల్సి వస్తోంది. వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు రైలులో రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. మడికొండలో 2020 జనవరిలోనే టెక్ మహీంద్రా, సైయంట్ ఆఫీసులు తెరిచాయి. హనుమకొండలో ఇల్లు ఉన్నవాడికి వారానికి మూడు రోజుల హైబ్రిడ్ కష్టమైనా సాధ్యమే. కరీంనగర్‌కు, ఖమ్మానికి, నల్గొండకు కూడా అంతే. విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, హైవే మీద ఐదు గంటల పైన. ఆదివారం రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి కూకట్‌పల్లి. వయసులో ఉన్నవాళ్లు కొంతకాలం లాగగలరు. విశాఖ చూడండి. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ కూడా సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. శ్రీకాకుళం ఇంకా అవతల. అంటే హైబ్రిడ్ వల్ల బాగుపడేవి హైదరాబాద్‌కు రెండు మూడు గంటల దూరంలోని ఊళ్లు. వలస ఎక్కువగా ఉన్న ఉత్తరాంధ్రకు, కర్నూలు పడమటి మండలాలకు అందులో దక్కేది ఏమీ లేదు. 2020లో వాళ్లకు దొరికిన అవకాశం దూరంతో ముడిపడలేదు. ఇప్పుడు దూరం మళ్లీ వాళ్ల తలుపు దగ్గరికి వచ్చి కూర్చుంది.

పాలకొల్లులో మా బంధువుల అమ్మాయి నాన్న ఇంటి మేడ మీది గదిలోంచి పనిచేస్తోంది. ఆ గదిని చూస్తే ఇంటి నుంచి పని అంటే ఏమిటో అర్థమవుతుంది. రెండు నెట్ కనెక్షన్లు, ఒకటి ఫైబర్, అది పోతే ఫోన్ హాట్‌స్పాట్. ఇన్వర్టర్ కింద ఇంట్లో ఫ్యాన్లు, లైట్ల కంటే ముందు రౌటర్‌కు లైను లాగారు. కేబుల్ కరెంటు స్తంభాల మీంచి వస్తుంది కాబట్టి గాలివాన వస్తే తెగుతుంది, కోతుల గుంపు దిగితే తెగుతుంది. కరెంటోళ్లు లైను పని కోసం సరఫరా ఆపేది పగలు. ఆమె కాల్స్ మొదలయ్యేది సాయంత్రం ఆరున్నరకు, కాబట్టి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కార్తీక మాసం మైకుతో. క్లయింట్ మాట్లాడుతుంటే తన మైకు మ్యూట్‌లో పెట్టుకుంటుంది, తన వంతు రాగానే గదికి ఆనుకున్న స్టోర్ రూములోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఇవన్నీ సర్దుకుపోయే విషయాలే. ఆమెకు నిజంగా కష్టమనిపించేది "ఇంట్లోనే ఉంటున్నావుగా" అనే మాట. ఆ మాటతో గ్యాస్ సిలిండరు దింపించుకోవడం దగ్గర్నుంచి పక్కింటి పేరంటం దాకా అన్నీ ఆమె మీద పడతాయి. అయినా ఎందుకు ఉంటున్నావంటే ఒకటే చెబుతుంది: పాప అమ్మమ్మ చేతి ముద్ద తింటోంది, నాన్న షుగర్ మాత్రలు నా కళ్ల ముందే వేసుకుంటున్నారు.

ఊరికి దగ్గరగా ఉండే అవకాశం పోతే ముందు నష్టపోయేది ఇలాంటి ఆడవాళ్లే. ఇది నా ఊహ అనుకోకండి. 2022-23 వార్షిక నివేదికలో టీసీఎస్ తమ సంస్థలో మానేసే మహిళల శాతం పురుషుల కంటే ఎక్కువైందని చెప్పింది. మామూలుగా అక్కడ మహిళలే ఎక్కువగా నిలబడేవారు. ఇంటి నుంచి పని అలవాటై ఇంటి ఏర్పాట్లు మారిపోవడం దీనికి కారణం కావచ్చని అప్పటి హెచ్ఆర్ అధిపతే ఆ నివేదికలో అభిప్రాయపడ్డారు. చట్టం వైపు చూస్తే, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 26 వారాల సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి ఇంటి నుంచి చేయవచ్చని ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. అది కూడా యజమాని ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే అడిగే దిక్కు లేదు.

కంపెనీల వాదనలో నిజం లేదని అనను. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాడు పక్క సీట్లో సీనియర్ పనిచేస్తుంటే చూసి నేర్చుకునేది ఏ ట్రైనింగ్ వీడియోలోనూ దొరకదు. మొదటి రెండేళ్లు ఆఫీసులో ఉండమనడం సబబే. రెండో ఉద్యోగం చాటుగా చేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని తీసేసింది. ఆ భయమూ అర్థం చేసుకోదగ్గదే. కానీ పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు, టీమ్‌లో సగం మంది పుణెలోనో పోలండ్‌లోనో ఉన్నవాళ్లకు కూడా అదే నియమం ఎందుకు? వాళ్లు రాయదుర్గం మెట్రో దిగి, ఆఫీసుకు చేరి, హెడ్‌సెట్ పెట్టుకుని చేసేది అదే వీడియో కాల్. చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో సుమారు 1,600 మంది మీద స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరులో, ప్రమోషన్లలో తేడా కనిపించలేదు. రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. ముఖ్యంగా మహిళల్లో, దూరం నుంచి వచ్చేవాళ్లలో.

అమెరికాలో ఉన్న మనవాళ్లది ఇంకో రకం చిక్కు. హెచ్-1బీ మీద ఉన్నవారు ఇంటి నుంచి పనిచేస్తే ఆ ఇల్లే చట్టం దృష్టిలో పనిచేసే చోటు. ఒక మెట్రో ప్రాంతం దాటి మరో చోటికి మారితే కంపెనీ మళ్లీ లేబర్ కండిషన్ అప్లికేషన్ (జీతం, పనిచేసే చోటు తెలుపుతూ అమెరికా కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తు) పెట్టి, వీసా పిటిషన్ సవరించాలి. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో అమెరికా వలస విభాగం ఇచ్చిన నిర్ణయం నుంచి ఈ విషయంలో అనుమానానికి తావు లేదు. పక్కనే పనిచేసే అమెరికన్ సహోద్యోగి చవకగా ఇల్లు దొరికే రాష్ట్రానికి మారాలనుకుంటే మేనేజరును ఒప్పించుకుంటే చాలు. మనవాడు లాయరును అడిగి, పిటిషన్ వేశారని రూఢి చేసుకున్నాకే పెట్టేబేడా సర్దాలి. ఇక్కడా అక్కడా మనవాళ్ల కథ ఒకటే, ఎక్కడ ఉండాలన్న నిర్ణయం ఇంకొకరి చేతిలో కాగితం.

నగరంలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో చాలామంది ఒక గది ఎక్కువ కావాలని తెల్లాపూర్, కొల్లూరు వైపు ఫ్లాట్లు, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు స్థలాలు కొన్నారు. వారానికోసారి ఆఫీసుకు వెళ్తే చాలనుకున్నారు. రోజూ వెళ్లాల్సి వచ్చాక ఆ దూరం గుదిబండ అయింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. ఆఫీసులకు దగ్గరగా ఉన్న నేలకు ఆ ధర పలుకుతున్నప్పుడు, ఉద్యోగులు ఊళ్లకు వెళ్లిపోతే ఆ లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆఫీసుకు రమ్మనడం వెనుక రియల్ ఎస్టేటే ఉందని నేను అనను. కానీ నగర పడమటి అంచున పెట్టిన భారీ పెట్టుబడి, భూముల వేలంతో ఖజానా నింపుకునే ప్రభుత్వం, రెండూ జనం అక్కడే ఉండాలని కోరుకుంటాయి. ఈ మాట ఎవరూ బయటికి అనరు.

ఇక ప్రభుత్వాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అప్పటి ప్రభుత్వం 'వర్క్ ఫ్రం హోం టౌన్' ఆలోచన ముందుకు తెచ్చింది. చిన్న పట్టణాల్లో నెట్, కరెంటు ఉన్న కేంద్రాలు పెట్టి ఉద్యోగులను అక్కడ కూర్చోబెట్టాలన్నది ప్రతిపాదన. ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామన్నారు. కొత్త ఐటీ, జీసీసీ (విదేశీ కంపెనీలు తమ సొంత పని కోసం ఇక్కడ పెట్టుకునే కేంద్రాలు) విధానంలో ప్రతి నగరం, పట్టణం, మండలంలో ఐటీ కార్యాలయ స్థలాలు కట్టేవారికి ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. రెండు ప్రభుత్వాల ఆలోచనా దాదాపు ఒకటే. పేరు మారింది, మళ్లీ మొదటి నుంచి పని మొదలైంది. 2017లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, నెట్ అంటూ వచ్చిన ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఇలాంటి ఎగుడుదిగుళ్లన్నీ చూసింది. రాజకీయాలు ఎలా ఉన్నా, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా నెట్ కదలకుండా ఉండాలి. ఊళ్లో ఉండాలనుకునేవాడికి అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే.

ఇంకో సంగతి. మన దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది జరగలేదు, తర్వాతిది 2027లో. కరోనా కాలంలో ఊళ్లకు వచ్చిన కుటుంబాలు, ఉండిపోయినవి, మళ్లీ వెళ్లిపోయినవి ఏ జనగణన రికార్డుకూ ఎక్కలేదు. ఏ మండలంలో ఎంతమంది ఉద్యోగులు ఉంటున్నారో తెలియకుండా అక్కడ ఎన్ని సీట్ల కేంద్రం కట్టాలో ఎలా తేలుస్తారు?

పక్క రాష్ట్రంలో ఒక దారి కనిపిస్తోంది. జోహో సంస్థ తమిళనాడులోని తెన్‌కాశి దగ్గర 2011లోనే ఆఫీసు పెట్టింది. దాని వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు తానే వెళ్లి ఆ దగ్గరి పల్లెలో ఉంటున్నారు. అక్కడి ఉద్యోగి చేసేది ఇంటి నుంచి పని కానే కాదు. రోజూ ఆఫీసుకే వెళ్తాడు, కాకపోతే ఆ ఆఫీసు అతని ఊరికి దగ్గరలో ఉంది. కంపెనీ తానే అక్కడికి వెళ్లి స్థిరపడింది కాబట్టి ఉద్యోగి ధైర్యంగా ఇల్లు కట్టుకోగలడు. మన కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్ టవర్లలో లోపించింది ఇదే. భవనం ప్రభుత్వం కట్టింది, కంపెనీ అద్దెకు వచ్చింది. అద్దెకు వచ్చినవాళ్లు ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు. కాబట్టి ఉద్యోగి కూడా ఆ ఊళ్లో అద్దెకున్నట్టే ఆలోచిస్తాడు.

ప్రభుత్వం చేతిలో బేరమాడే శక్తి లేదని అనుకోవద్దు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో టీసీఎస్‌కు, కాగ్నిజెంట్‌కు నామమాత్రంగా 99 పైసల ధరకు భూములిచ్చింది. ఉద్యోగాల కోసం ఇచ్చారు, ఇవ్వకూడదని నేననను. విశాఖ పెరిగితే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు హైదరాబాద్ రైలెక్కక్కర్లేదు, అది చిన్న విషయం కాదు. కానీ అంత చవకగా భూమి ఇచ్చినప్పుడు ఎన్ని ఉద్యోగాలన్న అంకె ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. అందులో కొంత శాతం ఉద్యోగాలను కనీసం ఐదేళ్ల పాటు ఉద్యోగి ఎంచుకున్న మండలం నుంచి చేయవచ్చని ఆఫర్ లెటర్‌లోనే రాయించాలి. గడువుకు ముందు వెనక్కి పిలిస్తే ఏడాది నోటీసు ఇవ్వాలి, అదీ విద్యా సంవత్సరం ముగిశాకే అమల్లోకి రావాలి. ఉద్యోగానికి ఇంత అని ఇచ్చే ప్రోత్సాహకం విశాఖ సీటుకు ఒక రేటు, పాతపట్నం సీటుకు అంతకంటే ఎక్కువ రేటు ఉండాలి. తెలంగాణ కూడా రేపు కొత్తగా భూములిచ్చేటప్పుడు ఆదిలాబాద్, గద్వాల పేర్లు అదే ఒప్పందంలో చేర్చవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి నుంచి పని చేయాలనుకునేవారి వివరాలను గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా ఇప్పటికే సేకరించారు.  తర్వాతి భూకేటాయింపు క్యాబినెట్ ముందుకు వచ్చినప్పుడు ఆ జాబితా కూడా ఆ ఫైలుతో పాటే వెళ్లాలి.